లోపలి నుంచి జవాబు

తట్టాంచావడి పరుపుల ఫ్యాక్టరీలో మంట ఆరేసరికి రాత్రి రెండయింది. ఫైర్‌మన్ జయప్రకాశ్ ఒళ్ళు హూనమై, బయటికొచ్చి వెనక గేటు దగ్గర కూలబడ్డాడు. ముందు వైపు నుంచి ఆఫీసర్ వరదరాజులు వాకీటాకీలో ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుస్తున్నాడు.

"జయప్రకాశ్, యాడుండావు?"

జయప్రకాశ్ తన సెట్టు మీట నొక్కకముందే అందులో తన గొంతే పలికింది. "లోపలే ఉండా సార్. దోవ తెలీలేదు."

"రాజ్‌మోహన్, నువ్వు పోయి వాణ్ణి తీసుకురా," అన్నాడు ఆఫీసర్ ఇంకో ఫైర్‌మన్‌తో.

జయప్రకాశ్ మీట నొక్కాడు. "సార్, నేను బయటుండా. రాజ్‌మోహన్‌ని పంపొద్దు."

మళ్ళీ నొక్కి గట్టిగా చెప్పాడు; ఆ మాట ఎవరికీ అందినట్టు లేదు. గేటు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. కాసేపు లోపల నీళ్ళు కారే చప్పుడే వినిపించింది. తర్వాత సెట్టులో రాజ్‌మోహన్ ఆయాసపడుతూ అన్నాడు.

"దొరికినాడు సార్. నా చెయ్యి గట్టిగా పట్టుకోని ఉండాడు."