పార చప్పుడు

ఆ రోజు ఇంట్లో అమ్మ, అన్న, నేను ఉన్నాం. తాత పోయి ఏడాదైంది.

చీకటిపడ్డాక వాన పట్టుకుంది. అన్న కంప్యూటర్లో శంషాబాద్ వరద కాలువలు గీస్తున్నాడు. పైపులో పట్టని నీళ్లు ఎటు పోవాలో, బొమ్మలో వాటిని రెండుగా చీల్చే డివైడర్ దగ్గర తనే చెప్పాలి. పాత కాలువ ఎయిర్‌పోర్టు కింద పూడిపోయిందని ఆ నీళ్లను మా గల్లీ వైపు పెట్టాడు. అంటే మా ఇంటి మీదికే.

“ఎన్నిసార్లు మార్చినా నీళ్లు పాత కాలువకే పోతున్నయ్, ఏందే?”

“తాత గూడ గటే తిప్పుతుండె గదన్నా.”

ఇల్లు మునగకుండా తాత నోట్లో బీడీతో, పారతో మట్టి వేసి మడమతో తొక్కేవాడు. ఆ చప్పుడు వింటూ నేను నిద్రపోయేదాన్ని.

పెరట్లో అదే చప్పుడు వినిపించింది.

తలుపు తీశాను. బీడీ వాసన వచ్చింది. గడప ముందు కొత్త మట్టికట్ట, దాని మీద మడమ గుర్తులు ఉన్నాయి.

“లోపలికి పో బిడ్డా, తడుస్తవ్” అంటూ బయటి నుంచి ఎవరో తలుపు మూశారు.