మొగిలి జేబులో చీటీ

మహారాష్ట్రలోని గడ్‌చాందూర్ బస్టాండు బెంచీ మీద కూర్చుని, జయప్రకాశ్ రెండు చీపురు పుల్లలతో పల్లీలు ఎత్తడం నేర్చుకుంటున్నాడు.

ఒక్కటీ నోటిదాకా రావడం లేదు.

"ఏంది సారూ, గా కొట్లాట? చేతులు లేవా?"

బెంచీ ఆ కొసన ఓ ముసలాయన నవ్వుతున్నాడు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో!

"సోమవారం జపాన్ పోతున్న కాకా. కొత్త మిషన్ చూసి రమ్మని ఫ్యాక్టరీవాళ్లు పంపుతున్నరు. ఆడ పుల్లలతోనే తింటరట."

తొంభై అయిదులో అది చిన్న సంగతి కాదు. సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు జయప్రకాశ్ పదిరోజులుగా బస్సు కండక్టరుకు కూడా అదే చెబుతున్నాడు.

"ఇంకేమేం నేర్సుకున్నవ్?"

"వంగి దండం పెట్టుడు. టికెట్ కొనుడు. మంచినీళ్లు అడుగుడు."

"చీటీ రాయించుకున్నవా?"

"ఏం చీటీ?"

"పేరు, ఊరు, ఇంటామె పేరు. ఆళ్ల అక్షరాలల్ల. అంగి జేబుల ఉండాలె."

"నాకు ఇంగ్లీష్ వస్తది కాకా!"

"నీకొస్తది. నువ్వు పడిపోయినంక నీ ఇంగ్లీష్ ఎవలు మాట్లాడాలె? లేపేటోడు చదువగలగాలె గదా!"

జయప్రకాశ్ పుల్లలు పక్కన పెట్టాడు.

అప్పుడు చూశాడు. మార్చి ఎండ మండిపోతోంది. ముసలాయన ధోతి మాత్రం నీళ్లోడుతోంది.

"తడిసినవేంది కాకా?"

"వానల వచ్చిన. జివతి గుట్టలు దిగి ఈడిదాకే రాగలిగిన. సర్కారు దవాఖానకు పోదామనుకున్న." జేబులోంచి చీటీ తీశాడు. "మా బడి పంతులుతోని రాయించుకున్న. మన తెలుగుల రాయించిన. గదే తప్పయింది. జర చదువు బిడ్డా."

చీటీ పొడిగా ఉంది.

జయప్రకాశ్ చదివిందంతా మరాఠీ బడిలోనే. తెలుగు మాట్లాడతాడు, ముక్క చదవలేడు. ఆ మాట ఒప్పుకోవాలంటే ఇంజనీరు గారికి తల కొట్టేసినట్టుంటుంది. తప్పించుకోవడం అతనికి కొత్తేమీ కాదు.

చీటీని పైకీ కిందికీ చూశాడు.

"ఏం లేదు కాకా. సంత లిస్టు. ఉప్పు, చాయ్‌పత్తి."

ఆ మాటలే ఇంకెప్పుడో, ఇక్కడే అన్నట్టు అనిపించింది.

ముసలాయన అతని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అందుకే భయం వేసింది జయప్రకాశ్‌కు.

"నువ్వన్న మంచిగ రాయించుకో బిడ్డా."

చంద్రపూర్ బస్సు హారన్ కొట్టింది. జయప్రకాశ్ అటు తిరిగి ఇటు చూసేసరికి బెంచీ ఖాళీ. ముసలాయన కూర్చున్నచోట తడి మరక. చీటీ తన చేతిలోనే ఉండిపోయింది.

బస్టాండులో ముసలాయన చదవమన్నాడని చెప్పి, చీటీని ఇంట్లో భార్య అమృత చేతికిచ్చాడు. ఆమె ఆదిలాబాద్ పిల్ల, తెలుగు బడిలో చదివింది.

"నా పేరు మొగిలి," అని చదివింది. "మాది జివతి గుట్టల్లో పై గూడెం. నాకు ఏమైనా అయితే నా భార్య మల్లమ్మకు కబురు చేయగలరు. లేకుంటే ఆమె నా కోసం గుట్ట దిగి వచ్చి వెతుకుతుంది."

చీటీ మడిచి భర్త వైపు తిరిగింది.

"ఆయనకు ఏం చెప్పిన్రు?"

"సంత లిస్టన్న."

"చదువ రాదని చెప్పొద్దా? పెద్దాయన పానం కోసం రాయించుకున్నది గది!"

ఆమె తిట్టినందుకు కాదు, ఆ మల్లమ్మ కోసం అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే బస్టాండు పోలీసు చౌకీకి పోయి, హవల్దార్ సీతారాంకు చీటీ చూపించి మరాఠీలో అడిగాడు.

"నిన్న ఆ బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఎటు పోయాడో చూశారా? ఇది తిరిగి ఇచ్చేయాలి. జపాన్ తర్వాత సంగతి, ముందు నేనే వాళ్ల గూడేనికి తీసుకుపోతాను."

సీతారాం చీటీని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది మీకెక్కడిది సాహెబ్?" అన్నాడు గొంతు తగ్గించి. "పోయిన వానాకాలం ఆ బెంచీ మీద ఒకాయన చనిపోతే, ఆయన జేబులోని ఈ చీటీనే, మీకు తెలుగొచ్చు కదా అని దారిన పోతున్న మిమ్మల్నే పిలిచి చదవమని ఇచ్చాను, మీరు సంత లిస్టన్నారని మళ్లీ ఆయన జేబులోనే పెట్టి, దిక్కులేనివాడని కాల్చేశాం కదా."