వరుస తప్పిన కారు

నీలం కారు వరుస తప్పి సూటిగా రాజేందర్ వైపు వచ్చింది.

చీపురు వదిలేసి పక్కకు దూకాడు.

కారు అతనికి బారెడు దూరంలో గోడను గుద్దుకుంది. పొగ, దుమ్ము. అవతల ఏం జరిగిందో ఏమీ కనబడలేదు.

అల్ రయ్యాన్ ఊరు దాటాక ఎడారిలో కట్టిన రేసు ట్రాక్ అది. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. రేసు మధ్యలో ఏ కారుదైనా ముక్క ఊడిపడితే పసుపు లైటు వెలుగుతుంది. కార్లన్నీ వేగం తగ్గించి ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. ఆ కాసేపట్లోనే రాజేందర్‌లాంటి వాళ్ళు చీపుళ్ళతో దిగి ఇనుప ముక్కలు, రబ్బరు తునకలు ఊడ్చెయ్యాలి.

ఆ పసుపు లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

రాజేందర్ లేచాడు. మోచేయి చెక్కుకుపోయింది. భయం నోటి దాకా వచ్చేసరికి కోపమైంది.

"కండ్లు నెత్తికెక్కినయా? లైటు కనవడ్తలేదా? మేం మనుషులం కామా?"

కారు కిటికీలోంచి డ్రైవర్‌ను బయటికి తీస్తున్నారు. నెరిసిన గడ్డం. ఏ దేశమో, పేరేమిటో తెలీదు. స్ట్రెచర్ మీద నుంచే రాజేందర్‌ను చూసి చెయ్యి కొంచెం పైకెత్తాడు.

"ఓకే? ఓకే?" అన్నాడు.

"ఏం ఓకే? చంపుతుంటివి గదా."

రాజేందర్ మొహం తిప్పుకున్నాడు.

పనివాళ్ళందర్నీ టెంటులోకి పంపి టీ ఇచ్చారు. కాసేపటికి సూపర్‌వైజర్ ఫుర్ఖాన్ వచ్చాడు. అతనిది నిజామాబాద్.

"రాజేందర్, ఆ డ్రైవర్ నిన్ను చూస్తా అంటుండు. మెడికల్ రూంల ఉన్నడు. యల్లా, రా."

"ఎందుకు సార్? మాఫీ అడిగేతందుకా?"

"ఏమో. నొప్పికి మాట సమఝ్ కాలే. నిన్నే అడుగుతుండు."

"నేను రాను."

"రెండు నిమిషాల పని. నడుముకు తాకిందట. కాళ్ళు కదుల్తలేవట."

"మంచిగైంది."

ఫుర్ఖాన్ అతని వంక ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు.

టెంటులో ఎవరూ నవ్వలేదు. అప్పటిదాకా రాజేందర్ తరఫున డ్రైవర్‌ను తిట్టిన గంగాప్రసాద్ కూడా టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

వెస్ట్ బేలో మేడలు కట్టే పని చేసే రోజుల్లో తోటి కూలీ రాజేశం పరంజా మీంచి కిందపడ్డాడు. కాళ్ళు కదలక, ఆసుపత్రి పైకప్పు చూస్తూ ఏడ్చేవాడు. డ్యూటీ దిగి వెళ్ళి అతనికి అన్నం తినిపించింది రాజేందరే. మరి ఇవాళ మంచిగైందన్న నోరు ఎవరిది?

సిగ్గేసింది. టీ కప్పు కింద పెట్టాడు.

"నేనెట్లన్న ఆ మాట?" అన్నాడు.

"పోయి చూసి రా," అన్నాడు గంగాప్రసాద్. "తప్పు ఆయనదే గని, పడ్డోని మీద పగేంది?"

రాజేందర్ లేచాడు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. పర్వాలేదు సాబ్. నాకేం కాలేదు. నేను మాఫ్ చేసిన. అనుకునే కొద్దీ మనసు తేలికపడింది. ఏదో పెద్ద పనే చేయబోతున్నట్టు అనిపించింది.

మెడికల్ రూంలో మంచం ఖాళీగా ఉంది. నర్సు లలితకుమారి రక్తపు గుడ్డలు సంచిలో వేస్తోంది. అతని బ్యాడ్జీ మీద పేరు చూసి తెలుగులోనే పలకరించింది.

"ఇప్పుడే అంబులెన్స్ వెళ్ళిపోయిందండీ. గోడ పక్కన ఊడ్చింది మీరేనా?"

"అవ్ మేడమ్. ఆయనకొక మాట చెప్పాలె. నేను మాఫ్ చేసిన అని."

ఆవిడ చేతిలో పని ఆపింది.

"ఆయన్ని మీరు మాఫ్ చెయ్యడమేంటండీ?"

రాజేందర్ తడబడ్డాడు. "మరి నన్నెందుకు రమ్మన్నడు?"

"మీకు దెబ్బలేమైనా తగిలాయేమోనని. మిమ్మల్ని కళ్ళారా చూస్తేగాని అంబులెన్స్ ఎక్కనని మొండికేశారు. మీ సూపర్‌వైజరు గారొచ్చి, డ్యూటీలో ఉన్నాడు, రాలేడు అని చెప్పారు. దానికి ఆయన, 'డ్యూటీ చేస్తున్నాడా, అయితే నడుస్తున్నాడన్నమాట, చాలు' అన్నారు. అప్పుడు ఎక్కించనిచ్చారు."

రాజేందర్ తల వంచుకున్నాడు. తన నోటి నుంచి వచ్చిన మాటను ఫుర్ఖాన్ ఆ డ్యూటీ అబద్ధం వెనక దాచాడని అర్థమైంది. ఆవిడకు కూడా అది తెలిసిపోయిందేమో అనిపించి, కళ్ళెత్తలేకపోయాడు.

"ఇందాకట్నుంచి ఆ యాక్సిడెంటే చూపిస్తున్నారు. మీరు చూళ్ళేదా?"

ఆవిడ గోడ మీది టీవీ వైపు చెయ్యి చూపింది.

తెర మీద, వంగి ఊడుస్తున్న రాజేందర్ వీపు వైపు అదుపు తప్పిన ఎర్ర కారు ఒకటి గోడ వెంబడి దూసుకొస్తుంటే, ముందు వెళుతున్న నీలం కారు వరుసలోంచి బయటికొచ్చి ఆ కారుకూ అతనికీ మధ్య అడ్డంగా నిలిచింది.