నూట పదమూడో ఇల్లు

జనాభా లెక్కల్లో యల్లప్ప సారుకు ఇక మిగిలింది ఒక్క ఇల్లే. నూట పదమూడోది. దాన్ని కావాలనే చివరికి పెట్టుకున్నాడు.

అమరాపురం అవతల, కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న పల్లె అది. ఇళ్ళల్లో కన్నడం, ఆఫీసుల్లో తెలుగు. పదకొండేళ్ళ కిందట తెలుగు పండిట్ ఉద్యోగంలో చేరేటప్పుడు యల్లప్ప తన మాతృభాష తెలుగు అని రాసిచ్చాడు. కన్నడం అంటే పోస్టు పోతుందని ఎవరో చెప్పారు. నిజమో కాదో అతను ఇప్పటికీ కనుక్కోలేదు.

అది లోపల గుచ్చుతూనే ఉంది. అందుకే ఈ లెక్కల్లో ఒక్క గడి కూడా తప్పు రాయకూడదనుకున్నాడు. ఒక ఇంట్లో అంకమ్మ అనే ఆమె “ఏదో ఒకటి రాసుకో సారూ” అన్నా వదల్లేదు. “ఇంట్లో ఏం మాట్లాడతారో అదే చెప్పు” అని అడిగి మరీ కన్నడం అని రాసుకున్నాడు.

నూట పదమూడో ఇంటి గడప దగ్గర ఈరక్క అలసందలు చెరుగుతోంది.

“ఏమప్పా సారూ, ఈ ఇంటికి దారి దొరికిందా?” అంది తెలుగులో.

“తెలుగెందుకు? కన్నడంలోనే మాట్లాడు.”

“సర్కారు పనిమీద వచ్చినావు కదప్పా. సర్కారుతో సర్కారు మాటే మాట్లాడాల.”

అతనికి నవ్వు రాలేదు. అరుగు మీద కూర్చున్నాడు. పైన రెండు గళ్ళు ఖాళీగా వదిలి, ఆమె పేరు రాశాడు. వయసు అడగకుండానే అరవై ఎనిమిది అని వేశాడు. ఈరక్క లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చింది. ఉప్పు వేయలేదు. అతను వేసుకోడు.

“కన్నడమోళ్ళ లెక్క తగ్గితే మన కన్నడ బడి ఎత్తేస్తారంట, నిజమేనా?”

“ఎవరు చెప్పినారు?”

“ఊరంతా చెబుతాండారు. నేను మూడో తరగతి దాకా చదివింది ఆడనే. మనవరాలు ఎట్లాగూ ఆ బడికి పోదు. నేను నోరు తెరిస్తే ‘తెలుగులో చెప్పవ్వా’ అంటాది. కోడలు ధర్మవరం మనిషి, దాన్నేమనేది? నా ఒక్కదాని లెక్కన్నా సరిగ్గా రాయి.”

కలం మాతృభాష గడి మీద ఆగింది. పెనుకొండలో ఈ లెక్కల శిక్షణప్పుడు పెద్ద సారు అన్న మాట చెవిలో మోగింది. “ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతాయి. అది ఏ కాగితాన్ని ఏ కాగితంతోనైనా సరిచూస్తుంది.”

ఆ గడిలో ‘తెలుగు’ అని రాశాడు.

“రాసినావా?”

“రాసినా.”

“ఏమని?”

“నువ్వు చెప్పిందే.”

ఈరక్క చేట పక్కన పెట్టి కాగితం మీదికి వంగింది. కళ్ళకు పొర కమ్మి ఏడాదైంది, అక్షరాలు ఆనవు. వేలితో ఆ గడిని ఒకసారి తడిమింది, అంతే.

“ఒళ్ళేదాగలి”, మంచి జరగాలి అని కన్నడంలో దీవించింది.

యల్లప్ప తల ఎత్తలేదు. ఖాళీగా వదిలిన గళ్ళలో మొదటిదాంట్లో, ఇంటి యజమాని అన్న చోట, తన పేరు రాసి, యజమానికి ఈరక్క ఏమవుతుంది అన్న రెండోదాంట్లో ‘తల్లి’ అని రాశాడు.