ముడి కింద కొమ్మలు

“దొరికాడు దొంగ!”

హిల్కా తోటలోకి పరుగెత్తింది. అంటుకట్టిన బిర్చ్ చెట్ల మధ్య తావెట్టి అనే ముసలాయన, చంకలో కొమ్మలు, చేతిలో కత్తితో నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

“ఏం తాతా, ఇది పరిశోధన తోటా, మీ పెరడా?”

“రేపు యుహన్నుస్, నడివేసవి పండగ కదమ్మాయ్! సౌనా ఆవిరిగదిలో కూర్చుని ఒళ్ళు బాదుకోవడానికి నాలుగు మండలు కోసుకుంటున్నా.”

“దేశమంతా బిర్చ్ చెట్లే. మీకు నావే కావాలా?”

“కింద కొమ్మలేగా! పైవి ముట్టను.”

“అబ్బో, ఎంత దయ! నడవండి బయటికి.”

ముసలాయన నవ్వి, ఒక కట్ట ఆమె చేతిలో పెట్టాడు.

“నువ్వూ బాదుకో. కోపం దిగుతుంది.”

కోపం దిగలేదు. హిల్కా ఆ రోజే గేటుకి పెద్ద తాళం వేసింది.

ఐదేళ్ళు గడిచాయి.

నలభై ఏళ్ళ కిందట ఒకే తల్లి చెట్టు కొమ్మలు తెచ్చి, నాటు బిర్చ్ మొక్కల మీద కట్టిన అంటులవి. చెక్క నిండా వంకీల అందం. ఇన్నేళ్ళయినా అంటు తల్లి గుణం నిలుపుకుందా, లేదా? అదే హిల్కా పరిశోధన.

జన్యు పరీక్ష ఫలితాలు వచ్చాయి. నలభై చెట్లలో పదమూడు తల్లితో కలవలేదు.

“అంటులు మారిపోయాయన్నమాట,” అన్నాడు పై అధికారి తెన్హో. “ఇంకెందుకీ తోట? సోమవారం కొట్టించేద్దాం.”

హిల్కాది పన్నెండేళ్ళ చాకిరీ. తోటకి పరుగెత్తి, పదమూడింటిలో ఒకదాని మొదట్లో చతికిలబడింది.

అప్పుడు కనబడింది. అంటు ముడి కింద, నాటు మొదలు నుంచి గుబురుగా పిలకలు! పరీక్షకని తను చేతికందినంతలో కోసిన ఆకులన్నీ వాటివే, అంటువి కావు.

“నా మతి మండ!” అనుకుంటూ నిచ్చెన తెచ్చింది. ముడి పైనున్న ఆకులు కోసి పరీక్షకి పంపింది.

ఈసారి నలభైకి నలభై తల్లి పోలికే.

“తోట నీదే తల్లీ,” అన్నాడు తెన్హో, కాఫీతో పాటు యాలకుల బన్నులు తెప్పించి.

హిల్కా ఒకటి తిని, రెండోది కొరకబోయి ఆగిపోయింది. ముప్పై ఐదేళ్ళు కనబడని పిలకలు ఈ ఐదేళ్ళలోనే ఎందుకు పెరిగాయి?

‘కింద కొమ్మలేగా!’ అన్న తావెట్టి మాట, తను వేసిన తాళం గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడే పెద్ద కేకు కొని, గేటు తాళంచెవి జేబులో వేసుకుని తావెట్టి ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య సైమి తలుపు తీసింది.

“ఆయన పోయి రెండేళ్ళయిందమ్మా. కేకుని మాత్రం నేను వదలను. లోపలికి రా.”

హిల్కా లోపలికి వెళ్ళి కేకు బల్ల మీద పెట్టింది.

“ఆయన్ని దొంగ అన్నాను అవ్వా. సౌనా మండల కోసం వస్తే తరిమేశాను.”

సైమి పకపకా నవ్వింది.

“ఆయనా, సౌనానా! వేడంటే పడదు. పెళ్ళయ్యాక ఒక్కనాడూ అందులో అడుగు పెట్టలేదు.”

“మరి ఆ కొమ్మలు?”

“మా మేకలకి వేసేవాడు. ‘ఉద్యోగం మానినా చెట్ల మీద బెంగ తీరలేదంటే నలుగురూ నవ్వుతారే’ అని అందరికీ ఆ మండల కథ చెప్పేవాడు గానీ, మీ తోటలో ఆ నలభై అంటులూ కట్టింది ఆయనేనమ్మా.”