దారి తప్పిన బాక్టీరియా

"ఉత్తరానికి పోతాయన్నావు. తూర్పుకి పోతున్నాయేంటమ్మా?"

మైక్రోస్కోపుకి తగిలించిన తెర మీద చెరువు నీటిచుక్క. అందులో బాక్టీరియా బిలబిలమంటూ తూర్పు అంచుకి చేరిపోతున్నాయి. పరిశోధక విద్యార్థిని తెర మీదికి వంగి చూసింది. ఐదేళ్ల చాకిరీకి డాక్టరేట్ వస్తుందో రాదో ఈ పూటే తేలాలి. ప్రశ్న వేసిన పరీక్షాధికారి మొహమాటం ఎరగని మనిషి. మూల నిలబడ్డ గైడు చెమట తుడుచుకుంటున్నాడు.

"వాటి ఒంట్లో అయస్కాంత స్ఫటికాలు పూసల దండలా ఉంటాయి సార్. దిక్కు చూపించేది అవే."

"ఉత్తరంలో వాటికేం పని?"

"పని అడుగున సార్. ఇక్కడ భూమి అయస్కాంత రేఖలు ఉత్తరం వైపు కిందికి వాలి ఉంటాయి. ఆ వాలు పట్టుకుని బురదలోకి దిగిపోతాయి. పైన ఆక్సిజన్ ఎక్కువ, వాటికి పడదు."

"చెప్పడం బాగానే ఉంది. చూపించు మరి."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ తిరిగి పడమటి వైపుకొచ్చాడు. బాక్టీరియా కూడా వెనుదిరిగి పడమటికి బయల్దేరాయి. దక్షిణానికి జరిగాడు. అవీ జరిగాయి.

"నా వెంట పడ్డాయేంటి? నేనేమన్నా బురదలా కనిపిస్తున్నానా?"

"ఏమీ అనుకోకండి సార్... మీ దగ్గర అయస్కాంతం గానీ ఉందా?"

పరీక్షాధికారి ముఖం జేవురించింది. తలుపు వైపోసారి చూసి గొంతు తగ్గించాడు.

"నడుం నొప్పికి అయస్కాంతం బెల్టు. మా ఆవిడ పోరు పడలేక కట్టుకున్నాను. బయట అనకమ్మా, పరువు పోతుంది."

పక్కగదిలోకెళ్లి బెల్టు విప్పి పడేసి వచ్చాడు. హమ్మయ్య అనుకుంటూ గైడు కూడా బల్ల దగ్గరికొచ్చాడు. బాక్టీరియా ఓ క్షణం తికమకపడి, తిన్నగా గైడు వైపు దారి తీశాయి.

"మీరు కూడానా సార్!" విద్యార్థిని కుర్చీలో కూలబడింది.

గైడు గబగబా పక్కగదిలోకెళ్లి వచ్చాడు. ఈసారి బాక్టీరియా బుద్ధిగా ఉత్తరానికి సాగిపోయాయి. చివరి బాక్టీరియా కూడా అంచు చేరాక, పరీక్షాధికారి కాగితం లాక్కుని చకచకా సంతకం పెట్టేశాడు.

"కంగ్రాచ్యులేషన్స్, డాక్టరమ్మా!"

విద్యార్థిని కళ్లు తుడుచుకుంది. కలానికి మూత పెడుతూ ఆయన గైడుకేసి జాలిగా చూశాడు.

"అయితే మీకూ నడుం నొప్పేనన్నమాట."

"నాకే నొప్పీ లేదండీ," నీళ్లు నమిలాడు గైడు. "ఈ అమ్మాయి పరీక్షకి మీరొస్తున్నారని తెలియగానే, మీ ఆవిడే ఫోన్ చేసి నాకూ ఓ బెల్టు అంటగట్టారు."