ముద్ర పడలేదు

"ఇంకొంచెం గట్టిగా నొక్కు పెద్దమ్మా."

జాన్‌బీ పళ్ళు బిగించి బొటనవేలిని గాజు ముక్క మీద నొక్కింది. వేలిముద్రల మిషన్‌లో ఎర్ర దీపం వెలిగింది. వేలు మార్చారు. చెయ్యి మార్చారు. ఎర్ర దీపమే.

"పడలా," అంది సెంటర్‌లో కూర్చునే రోహిణి. "కళ్ళు పెడదామంటే శుక్లాల ఆపరేషనైన కళ్ళాయె, అయ్యీ తీసుకోవట్లా. ఏం పని చేస్తావ్ పెద్దమ్మా నువ్వు?"

"పరుపులు కుడతానమ్మా, ముప్పై ఏళ్ళ బట్టీ. నరసరావుపేటలో సగం మంది నా కుట్టు మీదే పడుకుంటన్నారు."

"అదీ సంగతి! దబ్బనం పట్టీ పట్టీ వేళ్ళు నున్నగా అరిగిపోయినయ్. ఒక నెల పని మానెయ్. రోజూ కొబ్బరినూనె రాయి. గీతలు మళ్ళీ వస్తయ్. అప్పుడు నీ పింఛను కాయితం కదులుద్ది."

"ఈ మిషను మొహం మండ! నా చేతులు చూసి గుడ్డిదైపోయిందే ఇది," అని జాన్‌బీ తిట్టిపోసింది. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు.

చంటిపిల్ల సబాను చంకన వేసుకుని వెనక నిలబడ్డ కోడలు సాబిరాకు మాత్రం నవ్వు రాలేదు. ఇది మూడోసారి. ఇక్కడికి బయల్దేరే రోజు ప్రతిసారీ అత్త తెల్లారకముందే లేచి, పెరట్లో బండ దగ్గర కూర్చుని గరగరమని అంట్లు తోముతుంది. "చేతులు శుభ్రంగా ఉంటే మిషను పట్టుద్దే," అంటుంది. అయినా పట్టదు.

సాబిరా ఆరాటం పింఛను డబ్బు కోసం కాదు. ఆమె భర్త ఐజాజ్ బోరు లారీ మీద పనికి పోయి, నెలకో రెండు నెలలకో వస్తాడు. అత్త పొద్దున్నే టిఫిన్ గిన్నె పట్టుకుని పరుపుల కొట్టుకు పోతే దీపాలు పెట్టేవేళకు గానీ రాదు. మధ్యలో ఆ రెండు గదుల్లో తనూ, ఏడాది నిండని సబా. మొన్నామధ్య పిల్ల జ్వరంతో కళ్ళు తేలేస్తే, ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. అందరి తలుపులకూ తాళాలే. ఆ రోజు నుంచి ఫ్యాను ఆగినా ఉలిక్కిపడుతుంది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది.

ఆ సంగతి విని ఐజాజ్ ఫోన్‌లో తల్లితో గొడవపడితే, జాన్‌బీ మాటిచ్చింది.

"పింఛను రానీరా. వచ్చిన రోజే దబ్బనం అవతల పడేస్తా. గుమ్మంలో కూర్చుని నా మనవరాలిని ఆడించుకుంటా. ఇంకేం కావాలి నాకు?"

ఆ ఒక్క మాట పట్టుకునే సాబిరా రోజులు నెట్టుకొస్తోంది.

ఆ నెల జాన్‌బీ పనికి పోలేదు. ఇంట్లో ఇంకో మనిషి దగ్గు వినపడుతుంటే సాబిరాకు అన్నం సయించింది. మధ్యాహ్నాలు భయం లేకుండా కునుకు తీసింది. రోజూ సాయంత్రం అత్త చేతిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ కొసలకు నూనె రుద్దేది.

"ఏమే, నేనేమన్నా పెళ్ళికూతుర్నా?"

"ఊరుకో అత్తా. ఇదిగో చూడు, వస్తన్నయ్!"

ఫోన్ లైటు వేసి చూపించింది. బొటనవేలి మీద సన్నసన్నగా గీతలు, కొత్తగా దున్నిన చేలో సాళ్ళలాగా. జాన్‌బీ చాలాసేపు వాటినే చూసింది.

"అవునే," అంది మెల్లగా.

చేతులు మాత్రం ఊరుకోలేదు. ఇంట్లో దిండ్లన్నీ విప్పి, దూది ఎండబెట్టి, మళ్ళీ కుట్టబోయింది. సాబిరా దబ్బనం లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది. ఓ రోజు కొట్టు యజమాని అక్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, పెళ్ళివాళ్ళ పరుపు. అంచులు ఎవురు కుట్టినా వంకర పోతన్నయ్."

"పోరా, నేను రిటైరయ్యా!" అని జాన్‌బీ నవ్వింది. అతను వీధి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

"దిగులుగా ఉందా అత్తా?"

"దిగులేందే? చానా హాయిగా ఉంది."

నెల పూర్తయింది. మర్నాడు సెంటర్‌కు పోవాలి. సాబిరా ఐజాజ్‌కు ఫోన్ చేసి, "ఈసారి కచ్చితంగా పడుద్ది. ఇంక నాకు భయం లేదు," అని చెప్పింది. అత్త కూర్చోవడానికని పాత పరుపు ముక్కొకటి దులిపి, గుమ్మం పక్కన మడతపెట్టి వేసింది.

తెల్లవారుజామున గరగరమనే చప్పుడుకు మెలకువ వచ్చింది. సాబిరా దుప్పటి తోసేసి లేచింది. మళ్ళీ అంట్లు! బూడిదా పీచూ పెట్టి తోమితే నెల రోజుల గీతలు మిగులుతాయా?

"అత్తా, వదిలెయ్, నే తోముతా!" అంటూ పెరట్లోకి ఉరికింది.

జాన్‌బీ అటు తిరిగి బండ ముందు కూర్చుని ఉంది. ఎంత శ్రద్ధగా ఉందంటే, కోడలి గొంతు కూడా వినపడలేదు. గిన్నెలు అందుకుందామని సాబిరా వంగబోయి ఆగిపోయింది. రాత్రి తను తోమి బోర్లించిన గిన్నెలన్నీ గట్టు మీద అలాగే, పొడిగా ఉన్నాయి.

అత్త బండకేసి రుద్దుతున్నది తన బొటనవేలిని.